ఏ వీధిలో చెప్పామో ఆ వీధిలోనే

మా అత్తగారిది గొంతు ఉద్యోగం. మూడు చక్రాల బండి, దాని మీద ముందుకొకటి వెనక్కొకటి రెండు లౌడ్ స్పీకర్లు, చేతిలో మైకు. రేపు నీళ్లు రావని, ఫలానా బడిలో కంటి పరీక్షలు ఉచితమని, పచ్చ చొక్కా వేసుకున్న పిల్లాడు తప్పిపోయాడని, ఫలానా పెద్దాయన కాలం చేశారని ఊళ్లో వీధివీధికీ తిరిగి చెప్పడమే ఆవిడ పని. ఊరంతా ఆవిడని మైకత్త అంటుంది. వరసకి ఎవరికి ఏమవుతారో ఎవరికీ తెలియదు గానీ, అందరికీ అత్తే. అసలు కోడలిని నేనొక్కదాన్నే.

బండి నడిపేది కూడా నేనే. నాకు ముందు చాలామంది నడిపారు, ఎవరూ నిలవలేదు. ఆవిడకి బండి నడక కంటే మెల్లగా పోవాలి. చేతిలో పని పక్కన పెట్టి, తలుపు తీసుకుని బయటికి వచ్చేదాకా మాట వాళ్ల గుమ్మంలోనే ఉండాలంటారు. అంత మెల్లగా నడపడం మగవాళ్లకి నామోషీ. పెళ్లైన కొత్తలో డ్రైవరు చెప్పాపెట్టకుండా మానేస్తే, "నేను నడుపుతాను లెండి" అని నోరు జారాను. ఆ జారిన నోరు ఇప్పటికీ స్టీరింగు పట్టుకునే ఉంది.

పగలంతా ఊరికి చెప్పి చెప్పి ఇంటికొచ్చాక ఆవిడ నోరు విప్పరు. గొంతు దాచుకోవాలట. ఉప్పు తక్కువైతే వేలు చూపిస్తారు, ఎక్కువైతే కళ్లు మూసుకుంటారు. కోడలు లేని అత్త గుణవంతురాలు, అత్త లేని కోడలు ఉత్తమురాలు అంటారు కదా. మా ఇంట్లో ఇద్దరం ఉన్నాం కాబట్టి గొడవలూ ఉన్నాయి. కాకపోతే ఆ గొడవల్లో మాటలన్నీ నావే, గెలుపు మాత్రం ఎప్పుడూ ఆవిడదే. సౌండ్ సెట్లు బాగుచేసుకునే మా ఆయన ఆ సమయంలో కావాలనే ఏదో ఒక ఆంప్లిఫయరు విప్పుకుని కూర్చుంటాడు.

ఈ పని అసలు మా మామగారిది. ఒకరోజు తప్పిపోయిన పాప గురించి చెబుతూ చెబుతూ ఆయన గొంతు పూడుకుపోయింది. బండిలో పక్కన కూర్చున్న అత్తగారు మైకు లాక్కుని మిగతాది చెప్పేశారు. పాప దొరికింది. మామగారి గొంతు మాత్రం ఆపరేషన్ చేయించినా మళ్లీ రాలేదు. ఆయన బతికున్నంతకాలం ముందు సీట్లో కూర్చుని, ఆవిడ మాట్లాడుతుంటే తల ఊపుతూ ఉండేవారట. చూడకుండా ఏదీ చెప్పొద్దని కాగితం మీద రాసి చూపించేవారట.

ఆ మాట ఆవిడ గట్టిగా పట్టుకున్నారు. ఎవరైనా పోయారని చెప్పమంటే ముందు ఆ ఇంటికి వెళ్లి చూసి, ఇంటివాళ్లతో రెండు మాటలు మాట్లాడి, అప్పుడు మైకు తీసేవారు. మా ఎదురింటి రిటైర్డ్ పంతులుగారు దీని మీద ఒక హాస్యం కనిపెట్టారు. "నా ఊపిరి ఆగిందని డాక్టరు చెప్పినా తొందరపడకండి. మైకత్త వచ్చి చూసి చెప్పాకే ఏడవండి" అని మనవలకి చెప్పి పెట్టారు.

రెండో నియమం ఆవిడ సొంతం. చెప్పింది తప్పని తేలితే మర్నాడు అదే వేళకి, అవే వీధుల్లో, అంతే గట్టిగా మళ్లీ చెప్పాలి. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అని లోకమంతా అంటుంది. అత్తగారు ఒప్పుకోరు. "ఎందుకు తీసుకోలేం? బండి వెనక్కి తిప్పితే చాలు" అంటారు. ఒకసారి చెప్పుల కొట్టాయన తన కొట్లో అన్నీ సగం ధరకే అని బోర్డు చూపించి చెప్పించాడు. తీరా జనం వెళ్తే చిన్నపిల్లల చెప్పులకే ఆ ధర. మర్నాడు సరిగ్గా ఆ కొట్టు ముందే బండి ఆపించి, "నిన్న అన్నీ సగం ధర అని చెప్పాను. అన్నీ కాదట, పిల్లల చెప్పులే. నా మాట నమ్మి వచ్చినవాళ్లు మన్నించాలి" అన్నారు. కొట్టాయన లోపలి నుంచి చెప్పు చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. కొడతాడేమోనని నేను గేరు వేశాను. తిట్టాడంతే. ఆర్నెల్లు పలకలేదు. ఆ తర్వాత మళ్లీ ఆవిడ దగ్గరికే వచ్చాడు, ఎందుకంటే వేరేవాళ్లు చెబితే జనం కదలడం లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందనే మాటకి నాకు తెలిసిన సాక్ష్యం ఇదే.

అంత జాగ్రత్తగా ఉండే మనిషి ఒక్కసారి చూడకుండా చెప్పారు. ఆ కథ చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

మా ఊళ్లో ఒక కేబుల్ చానెల్ ఉంది. అందులో ఒక విలేకరి ఉన్నాడు. పైపు పగిలినా, రెండు కుక్కలు కరుచుకున్నా అతనికి బ్రేకింగ్ న్యూసే, అందుకని బ్రేకింగ్ బాబు అనే పేరు స్థిరపడింది. ఉన్నమాట చెప్పాలి, మొదట్లో మంచి పనులే చేశాడు. వానాకాలంలో మోకాలి లోతు గుంతలో తనే దిగి నిలబడి చూపిస్తే, వారం తిరక్కుండా ఆ రోడ్డు వేశారు. జనం దండలు వేశారు. ఆ తర్వాత గుంతలు అయిపోయాయి గానీ దండల మీద ఆశ పోలేదు.

ఒక మధ్యాహ్నం అతను ఒక కాగితం తెచ్చి అత్తగారికి ఇచ్చాడు. బట్టల ఫ్యాక్టరీ వెనక వీధిలో పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం ఉంది కదా, దాని అసలు రంగు సాయంత్రం చానెల్లో చూడండి, మీ పిల్లలు నిద్రపోతున్నారా, మందు పోసి నిద్రపుచ్చుతున్నారా అని అందులో ఉంది.

అత్తగారు కాగితం రెండుసార్లు చదివారు. "బాబూ, ఇది నువ్వు చూశావా?"

"అయ్యో అత్తా! చూడకుండా వార్త చేస్తామా? మా పనే చూడ్డం."

ఆవిడ ఆ మాట నమ్మారు. వేరే ఎవరైనా అయితే ఆ కేంద్రానికి పద అని నాకు సైగ చేసేవారే. కానీ అతను విలేకరి. చూసి చెప్పడమే అతని పని కూడా అని, తన పనీ అతని పనీ ఒకటేనని అనుకున్నారు. తన నియమం ఊళ్లో అందరికీ ఉంటుందనుకోవడం ఆవిడలాంటి వాళ్లు మాత్రమే చేసే పొరపాటు. నేను బండి స్టార్ట్ చేశాను. ఫ్యాక్టరీ వీధులన్నీ తిరిగాం.

సాయంత్రం చానెల్లో వచ్చింది. కిటికీలోంచి తీసిన బొమ్మ, వరసగా పడుకున్న పిల్లలు, దడదడమనే సంగీతం. తర్వాత ఎవరిదో చెయ్యి, ఆ చేతిలో మందు సీసా, సీసా చుట్టూ తెర మీద గీసిన ఎర్రటి సున్నా. ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల దగ్గర పనిచేసే తల్లులందరూ చూశారు. తెల్లారేసరికి ఆ కేంద్రం దాదాపు ఖాళీ.

ఆ కేంద్రం నడిపే ఆవిడని ఊయలమ్మ అంటారు. ఒక ఊయలని కాలితో ఊపుతూ, ఇంకో పిల్లకి చేత్తో అన్నం పెడుతూ, మూడోవాడికి నోటితో కబుర్లు చెప్పగలిగే మనిషి. తన ఇంట్లోనే రెండు గదులు, తుడిచి తుడిచి అరిగిపోయిన గచ్చు, గోడకి పిల్లలకి అందనంత ఎత్తులో కొట్టిన మేకులు, వాటికి ఎవరి సంచీ వాళ్లది. ఆవిడ బతుకుతెరువు అదే.

మూడోరోజు పొద్దున్నే ఆవిడ మా ఇంటికి వచ్చింది. తిడుతుందేమోనని నేను కాస్త నడుం బిగించాను. తిట్టలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది.

"వదినా, మైకులో చెప్పింది నువ్వే కదా?"

అత్తగారు తల ఊపారు.

"టీవీలో వాడు ఒక్కడే చెప్పి ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. వాడి సంగతి తెలిసిందేగా అని నవ్వేవాళ్లు. నిన్న ఒక తల్లిని అడిగాను, ఎందుకమ్మా నమ్మావు అని. మైకత్త కూడా చెప్పింది కదా అంది." "నీ గొంతు విని నమ్మారు వదినా. వాణ్ణి కాదు."

ఇంట్లో నోరు విప్పని మా అత్తగారు ఆరోజు మాట్లాడారు. "కూర్చో. కాఫీ తాగు. తర్వాత మీ ఇంటికి వెళ్దాం. నేను చూడాలి."

నాకు చిర్రెత్తింది. ఇంకా చూసేదేముంది, ఆవిడ మొహం చూస్తే తెలియడం లేదా అన్నాను. అత్తగారు నా వైపు తిరిగి మెల్లగా, "మొహం చూసి నమ్మడం కూడా చూడకుండా చెప్పడమే అమ్మాయ్" అన్నారు. నోరు మూసుకుని బండి తీశాను.

ఆరోజంతా ఆ కేంద్రంలో కూర్చున్నాం. ఇద్దరు పిల్లలు మిగిలారు, వాళ్ల తల్లులకి వేరే దారి లేక. పొద్దున ఆడారు, మధ్యాహ్నం తిన్నారు, తిన్నాక కిటికీ పక్కన చాప మీద వాలి, కాసేపు కాళ్లు తన్నుకుని నిద్రపోయారు. మధ్యాహ్నం తిని పడుకోవడం పసిపిల్లల హక్కు. అక్కణ్ణుంచి పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. "చాలామంది తల్లులు పట్టుకొచ్చారు. అందరినీ పరీక్ష చేశాను, ఏ పిల్లకీ ఏమీ లేదు. వాళ్లకీ అదే చెప్పాను. నిప్పు లేనిదే పొగ రాదు కదండీ అని వెళ్లిపోయారు. చానెల్ వాళ్లు మాత్రం నన్ను అడగనే లేదు."

తర్వాత చానెల్ ఆఫీసు. మెట్లెక్కి పైకి వెళ్తే ఒకటే గది. వెనక నీలం గుడ్డ కట్టిన మూల స్టూడియో, మిగతాదంతా వైర్లు. బ్రేకింగ్ బాబు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు, కెమెరా అబ్బాయి పక్కన టీ తాగుతున్నాడు.

"రా అత్తా, రా! అదిరిపోయింది మన ప్రోగ్రాం. ఊరంతా అదే మాట."

"బాబూ, లోపలికి వెళ్లావా?"

"ఎక్కడికి?"

"ఊయలమ్మ ఇంటికి."

"లోపలికెందుకు? కిటికీలోంచి బాగానే వచ్చిందిగా బొమ్మ."

"మరి ఆ సీసా?"

అతను నవ్వాడు. దాయాలని కూడా అనిపించలేదు అతనికి, నాకు ఒళ్లు మండింది అందుకే. "అది మా ఇంట్లో దగ్గు మందు అత్తా. బొమ్మ కోసం పెట్టాం. కింద ప్రతీకాత్మకం అని వేశాం కదా."

"ఎంత అక్షరాల్లో వేశావు?"

కెమెరా అబ్బాయి టీలోకి చూస్తూ ఉండిపోయాడు.

"పోనీ, మందు పోస్తున్నారని నీకు చెప్పిందెవరు?"

"ఎవరో అన్నారు... అత్తా, ఆరోజు ఏం దొరకలేదు. సాయంత్రం అరగంట నింపాలి. పసిపిల్లలంటే జనం చూస్తారు. ఎవరి ప్రాణం తీశాం ఇప్పుడు?"

అత్తగారు కాసేపు అతన్నే చూశారు. కోపంగా కాదు. గుంతలో దిగి నిలబడ్డ ఆ పిల్లాడు ఎక్కడైనా కనిపిస్తాడేమోనని వెతికినట్టు చూశారు. "తప్పు చెప్పానని చెప్పు బాబూ" అన్నారు. సరే సరే వేస్తాం అన్నాడు.

వేశాడు. మర్నాడు మధ్యాహ్నం సినిమా వస్తుండగా తెర అడుగున ఒక గీతలాగా "పొరపాటుకు చింతిస్తున్నాము" అని పరిగెత్తింది. దేని పొరపాటో, ఎవరి విషయంలోనో ఏమీ లేదు. నేను కళ్లద్దాలు పెట్టుకుని కూడా రెండోసారికి గానీ పట్టుకోలేకపోయాను. అత్తగారు టీవీ కట్టేసి, "బజారులో తిట్టి చెవిలో సారీ చెబుతారా ఎవరైనా!" అన్నారు. ఆరోజు రాత్రి అన్నం సరిగా తినలేదు.

ఈలోగా చానెల్ ఓనరు మా ఆయనకి ఫోన్ చేశాడు. మీ అమ్మ ఎక్కువ మాట్లాడితే మైకు పర్మిషన్ పోతుంది, ఆఫీసులో మావాళ్లు ఉన్నారు అన్నాడట. మా ఆయన మంచివాడే గానీ పర్మిషన్ అనే మాట వింటే నీరుకారిపోతాడు.

"అమ్మా, మన తప్పు మనం చెప్పేసుకుందాం. వాడి తప్పు వాడి ఖర్మ. మనకెందుకు?"

"వాడి మాట నా గొంతులోంచి వెళ్లింది నాన్నా" అన్నారు అత్తగారు. "నా సగం నేను వెనక్కి తీసుకుంటాను. వాడి సగం వాడు తీసుకోవాలి." తర్వాత నా వైపు తిరిగారు. "బండి నడిపేది నువ్వు. పర్మిషన్ పోతే నీ పనీ పోతుంది. నడుపుతావా?"

ఆవిడ నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. అప్పటిదాకా అన్నీ వేలి సైగలే. "మీరు మాట్లాడండి, మెల్లగా నడపడం నా వంతు" అన్నాను. మా ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, లేచి వెళ్లి స్పీకర్ల బోల్టులు బిగించి వచ్చాడు.

మర్నాడు, ముందు చెప్పిన వేళకే బయల్దేరాం. మొదటి వీధి మలుపులో అత్తగారు మైకు తీశారు.

"అమ్మలారా, అయ్యలారా, ఇదివరకు ఈ వీధిలో ఊయలమ్మ కేంద్రం గురించి ఒక మాట చెప్పాను. ఆ మాట తప్పు. చూడకుండా చెప్పాను. ఇప్పుడు వెళ్లి చూశాను, డాక్టరుగారిని అడిగాను. ఏ పిల్లకీ ఎవరూ మందు పోయలేదు. టీవీలో చూపించిన సీసా ఆ ఇంటిది కాదు, విలేకరి ఇంటిది. ఆ మాట ఆయనే నాతో అన్నాడు. తప్పు నాది కూడా. మన్నించండి."

తలుపులు తెరుచుకున్నాయి. ఒక గుమ్మంలోంచి ఒకావిడ చీపురు పట్టుకునే బయటికొచ్చి, "నువ్వూనా మైకత్తా!" అంది. అంతే, లోపలికి వెళ్లిపోయింది. అత్తగారు మైకు కిందికి దించడం అద్దంలో చూశాను. ఆగమని సైగ చేశారు. ఆపాను. మంచినీళ్లు తాగారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి. పద అన్నారు. ఒక్క వీధి వదల్లేదు, ఒక్క మాట తగ్గించలేదు. పెద్దపెద్దవాళ్లు ఒక్కసారి కూడా చెప్పలేని మాటని మా అత్తగారు ఆరోజు ప్రతి మలుపులోనూ చెప్పారు. అప్పటిదాకా ఆవిడ గొంతు గొప్పదని అనుకునేదాన్ని. మనిషి గొప్పదని ఆరోజు తెలిసింది.

కొందరు తల్లులు పిల్లల్ని తిరిగి దింపారు. అందరూ కాదు. ఫ్యాక్టరీలో చొక్కా కాలర్లు కుట్టే అమ్మాయి ఒకతి ఉంది. ఊయలమ్మ కేంద్రం నుంచి పాపని మొదట లాక్కెళ్లింది ఆ అమ్మాయే, వాకిట్లో నిలబడి శాపనార్థాలు పెట్టిందీ తనే. పనికి వెళ్లడం మానేసి పాపని పెట్టుకుని ఇంట్లో కూర్చుంది. ఇంకో పది రోజుల్లో రాకపోతే మిషన్ వేరేవాళ్లకి ఇస్తామన్నారట. అత్తగారు ఆ గుమ్మంలో దిగి మాట్లాడారు.

"ఆంటీ, మీరు చూడలేదు అన్నారు. సరే" అంది ఆ అమ్మాయి. "కానీ వాడు చూశానన్నాడుగా. చూశానన్నవాడు నోరు తెరిచి చూడలేదని చెప్పనివ్వండి. అప్పుడు పంపిస్తా. నాకు ఒక్కతే పిల్ల."

నాకు కోపం రావాలి గానీ రాలేదు. ఆ పాప తల్లి చెంగు నోట్లో పెట్టుకుని నన్నే చూస్తోంది.

ఆ మర్నాటి నుంచి మా తిరుగుడు చానెల్ ఆఫీసు ఎదురుగా ముగిసేది. అత్తగారు వెనక సీట్లో ఒక పక్కకి జరిగి, మైకులో ఒక్కసారి, "బాబూ, బండి వచ్చింది. నీకోసం చోటుంది" అనేవారు. టీ తాగేంతసేపు ఆగి వెళ్లిపోయేవాళ్లం. తిట్టింది లేదు, అరిచింది లేదు. పైన కిటికీ తెర కదిలేది, మనిషి కనిపించేవాడు కాదు. ఓనరు ఎవర్నో పంపి గొడవ చేస్తున్నారని అడిగించాడు. "గొడవెక్కడుంది నాయనా, పిల్లాణ్ణి పిలుస్తున్నాను" అన్నారు అత్తగారు. అడగడానికి వచ్చినవాడు నవ్వాపుకుంటూ వెళ్లిపోయాడు.

అసలు పని చేసింది మేం కాదు, ఊరు. బస్టాండు దగ్గర పెద్ద పైపు పగిలి నీళ్లు ఏరులా పారుతుంటే బ్రేకింగ్ బాబు కెమెరాతో పరిగెత్తాడు. కూరగాయలమ్మే ఆవిడ మొహం ముందు మైకు పెట్టాడు.

"బండెక్కావా బాబూ?" అందావిడ.

"అది కాదమ్మా, నీళ్ల గురించి..."

"ముందు బండెక్కు. తర్వాత నా దగ్గరికి రా."

పక్కవాళ్లని అడిగాడు. వాళ్లూ అదే మాట. బస్సు డ్రైవరూ అదే మాట. మా పంతులుగారైతే దొరికిందే అవకాశమని, "నా చావు వార్త కూడా నీకివ్వను పో" అన్నారు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు, ఎవరూ నోరు పారేసుకోలేదు. నోరు విప్పలేదంతే. మా ఊరి మీద నాకు చాలా ఫిర్యాదులు ఉన్నాయి, సందర్భం వస్తే రోజంతా చెప్పగలను. కానీ ఆ వారం మా ఊరిని చూసి నాకు ఛాతీ ఉప్పొంగింది. విలేకరికి ఎవరూ ఏమీ చెప్పకపోతే ఇక విలేకరి ఎక్కడ?

ఒకరోజు మేం చానెల్ ఆఫీసు ఎదురుగా ఆగేసరికి అతను కిందే నిలబడి ఉన్నాడు. కెమెరా లేదు, పక్కన అబ్బాయి లేడు. మొహం వాడిపోయి ఉంది. నాకైతే నాలుగు చివాట్లు నాలుక చివరదాకా వచ్చాయి. అత్తగారు నా భుజం మీద చెయ్యి వేసి ఆపేశారు.

"రా బాబూ. నీళ్లు తాగి ఎక్కు, గొంతు ఆరిపోతే మాట రాదు."

బండి వెనక్కి తిప్పాను. మొదటి వీధిలో మైకు అందుకోగానే అతనికి టీవీ గొంతు వచ్చేసింది. "ప్రేక్షక మహాశయులకు నమస్కారం, ఇటీవల ప్రసారమైన ఒక కథనంలో సాంకేతికంగా కొన్ని పొరపాట్లు..."

అత్తగారు మైకు మీద చెయ్యి మూశారు. "ఇంట్లో ఏ గొంతుతో మాట్లాడతావో ఆ గొంతుతో మాట్లాడు బాబూ. వాళ్లు నీ ప్రేక్షకులు కాదు, నీ ఇరుగుపొరుగు."

అతను మళ్లీ మొదలుపెట్టాడు. "నేను టీవీలో చెప్పింది అబద్ధం. నేను లోపలికి వెళ్లలేదు. సీసా మా ఇంటిది. ఊయలమ్మగారి తప్పేమీ లేదు. సాయంత్రం చానెల్లో కూడా, అదే వేళకి, ఇదే చెప్తాను." రెండో వీధికి గొంతు కాస్త నిలబడింది. నాలుగో వీధికి ఎవరో పైనుంచి, "ఆఁ, వినబడింది" అన్నారు. ఎగతాళిగా కాదు, మామూలుగా.

చివరికి ఫ్యాక్టరీ వెనక వీధి. రెండో షిఫ్టు వేళ. తల్లులు కొందరు పిల్లల్ని దింపి గేటు వైపు వెళ్తున్నారు. ఊయలమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది, చంకలో ఎవరి పిల్లో ఉంది. అతను ఆవిడని చూసి తల దించుకుని, అంతా మళ్లీ చెప్పాడు.

అప్పుడు కాలర్లు కుట్టే అమ్మాయి జనంలోంచి ముందుకు వచ్చింది. పాప భుజం మీద ఉంది. నేరుగా బండి దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఒక్క మాట అడుగుతాను, చెప్పు. ఆరోజు టీవీలో చెప్పేటప్పుడు, అది నిజమని నువ్వైనా అనుకున్నావా?"

అతను అత్తగారి వైపు చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు, సాయమూ చెయ్యలేదు. మైకు అతని చేతిలోనే ఉంది.

"లేదమ్మా" అన్నాడు.

రెండు స్పీకర్లలోంచీ ఆ మాట వీధి చివరిదాకా వెళ్లింది. ఆ అమ్మాయి అతన్ని అలాగే కాసేపు చూసి, ఇక అక్కడ తనకి పనేమీ లేనట్టు వెనక్కి తిరిగింది. గుమ్మం దగ్గరికి నడిచింది. శాపనార్థాలు పెట్టిన చోటే నిలబడింది. ఏదో అనబోయి ఏడ్చేసింది. ఊయలమ్మ చంకలో పిల్లని దించి, చేతులు రెండూ చాపింది.

"పాలు తాగిందా?"

"లేదు పిన్నీ. పొద్దుట్నుంచీ ఏమీ ముట్టలేదు."

"నేను చూసుకుంటాలే. నువ్వు వెళ్లు, గేటు మూసేస్తారు."

పాప చేతులు మారింది. ఆ అమ్మాయి చెంగుతో మొహం తుడుచుకుని ఫ్యాక్టరీ వైపు పరిగెత్తింది, వెనక్కి తిరిగి చూడకుండా.